ముప్పై దాకా

జ్యూరిక్ వేలంపాట వాళ్లు పంపిన కాగితంలో
పదకొండో ప్రశ్న: ఎప్పుడైనా కాల్చారా?
అవును. కాదు.
రెండే గడులు, నా చిటికెనవేలి గోరంత.

మామయ్య చాస్పర్ పోతూ నాకిచ్చింది ఈ రైఫిల్ ఒక్కటే.
డెబ్బై ఏళ్లుగా ఒంటినిండా గ్రీజుతో
జాడీలో ఊరే ముక్కలా పెట్టెలో ఉంది.
ట్రిగ్గర్ దగ్గర కట్టిన అట్టచీటీ, దాని తాడూ
పసుపెక్కాయి గాని ముడి ఎవరూ విప్పలేదు.
యాఖెన్ చేసినవి ఆరే.
అయిదూ కొండమేకల వెంట తిరిగి, రాళ్లకి గీసుకుని,
ఎవరెవరి భుజాలకో అలవాటుపడ్డాయి.
ఇదొక్కటే నోరు విప్పలేదు.
ఒక్క తూటా పేలిందా, సగం ధరే
అన్నాడు ఫోనులో వాళ్ల మనిషి, గొంతు తగ్గించి,
ఎవరికో జబ్బు చేసినట్టు.

నేను పోస్టు బస్సు నడిపేదాన్ని.
నాకు తెలిసిన యంత్రాలన్నీ పనిచేసే పాడవుతాయి.
సగం ధరంటే ఇంటి పైకప్పు.
పూర్తి ధరంటే పైకప్పూ, బ్యాంకు అప్పూ.

బార్‌బ్లాని అడుగుదామని వెళ్లాను.
యాఖెన్ కూతురు. ఎనభై ఎనిమిది.
ఈ అక్రోటు మడమ చెక్కింది తనే, పదిహేడేళ్లప్పుడు.
సంతకం మాత్రం నాన్నది.
గుడ్డ విప్పగానే చెక్క మీద బొటనవేలు ఆనించి
"ఇక్కడ ఉలి జారింది" అంది.
నాకేమీ కనపడలేదు.
"చూసినవాళ్లంతా అందంగా ఉందన్నారు.
అందంగా ఉండడానికా చేశాం?"

పెట్టె అడుగున అట్టడబ్బాలో అయిదు తూటాలు.
ఆ కొలతవి ఇప్పుడెవరూ చెయ్యరు.

మంగళవారం ఊరి షూటింగ్ మైదానం ఖాళీ.
గ్రీజు తుడవడానికే గంట పట్టింది.
గొట్టంలోంచి చూశాను:
అటు చివర రూపాయంత ఆకాశం, మెలితిరిగిన వెలుగు.
అప్పుడైనా మనసు మార్చుకోవచ్చు.
మార్చుకున్నాను, రెండుసార్లు.
చీటీ విప్పకుండా పక్కకి మడిచి దారంతో కట్టాను, దొంగలా.
ఆమె అరచెయ్యి నా భుజం మీద.
సగం ఊపిరి వదిలి నొక్కాను.

టిక్.

అంతే. కొండ కూడా ఏమీ అనలేదు.
"కదలకు" అంది బార్‌బ్లా. "ముప్పై దాకా లెక్కపెట్టు.
ఆలస్యంగా పేలేవీ ఉంటాయి."
పదకొండు దగ్గర ఆ కాగితం గుర్తొచ్చింది.
పంతొమ్మిది దగ్గర, పేలకపోతే బాగుండనిపించింది.
ఇరవై ఆరు దగ్గర, పేలితే బాగుండనిపించింది.
ముప్పై.

బోల్ట్ లాగితే తూటా చేతిలో పడింది.
వెనకవైపు నువ్వుగింజంత నొక్కు.
ఆమె కళ్లద్దాలు పైకెత్తి, వెలుగుకి తిప్పి చూసింది.
"సరిగ్గా నడిమధ్యన కొట్టింది. నాన్న పనితనం.
చచ్చింది మందు, తుపాకీ కాదు."

ఇప్పుడు నేను ఏ గడి నింపాలి?

డబ్బాలో ఇంకా నాలుగున్నాయి.
లార్చ్ చెట్ల మీద ఎండ పలచబడుతోంది.
బార్‌బ్లా చెవుల్లోంచి దూది తియ్యలేదు.