తొంభై రెండు దాటాక

అంబాజీపేట మార్కెట్లో నాది కాటా పని.
ఎండిన కురిడీని చెవి దగ్గర ఆడించి
లోపల గుండు మోగే తీరుని బట్టి
గండేరా ఇటు, గటగట అటు.
వేలెడు తేడాకి ఓ పేరు, పేరుకో ధర.
చిన్నకాయా పెద్దకాయా ఒకే రాశి పోస్తే
రైతు ఊరుకోడు, షావుకారూ ఊరుకోడు.

ఆదివారం అదే కాటా ఆటో ఎక్కి
అమలాపురం హైస్కూలు వరండాకి వస్తుంది.
బాక్సింగు పోటీలకి తూకం నేనే.
నలభై ఎనిమిది, యాభై ఒకటి, యాభై నాలుగు...
మూడు కిలోలకో గీత.
పావుకిలో ఎక్కువైన పిల్లాడు
దుప్పటి కప్పుకుని లాకుల దాకా పరిగెత్తి
ఆ పావునీ కాలవ గట్టున కార్చేసి వస్తాడు.
ఒకడు గుండు కూడా గీయించుకున్నాడు.
అంత నిక్కచ్చి మనుషులం.

తొంభై రెండు దాటాక మాత్రం గీతల్లేవు.
అన్నాచెల్లెళ్ల గట్టు దాటాక
ఏది గోదారో ఏది సంద్రమో
ఎవరూ చెప్పనట్టు.

జక్కరయ్యది తాపీ పని. తొంభై మూడున్నర.
వాళ్ళక్క సత్తుగిన్నెలో తెచ్చిన రొయ్యల ఇగురే
అతన్ని గీత అవతలికి నెట్టింది.
అవతల ఓలేటి పోతురాజు, ఓడలరేవు.
అతనెక్కితే ముల్లు వణుక్కుంటూ పోయి
అంకెలు అయిపోయే చోట నిలబడింది.
నూట నలభై ఆరు.
జక్కరయ్య భుజాన సిమెంటు బస్తా ఎత్తినా
ఇంకా రెండున్నర కిలోలు మొగ్గు అటే.

రెండో రౌండులో ఒక్కటే గుద్దు.
వేగమూ లేదు,
పంటు వచ్చి రేవుకి ఆనినట్టు వచ్చింది.
జక్కరయ్య తాళ్ళ మీదికి ఒరిగి
తన దవడ ఎక్కడుందో
చేత్తో వెతుక్కున్నాడు.

అక్కడే బల్ల మీద సంఘానికి ఉత్తరం మొదలెట్టాను.
"అయ్యా, నూట పది దగ్గర ఇంకో గీత గీయండి.
కొబ్బరికాయకున్న న్యాయం మనిషికి లేదా?"
ఆ వాక్యం నాకే భలే నచ్చింది.

కాటా ఎత్తడానికి సాయమొచ్చిన పోతురాజు
నా భుజం మీంచి చదివాడు.
"ఆ గీత గీస్తే గురువుగారూ,
దానవతల నేనొక్కణ్ణే ఉంటానండి."

నిజమే. జిల్లాలో నూట పది దాటినవాడు
ఇంకొకడే, ముమ్మిడివరంలో.
వాడికి మోకాలు పోయి రెండేళ్ళు.

"చిన్నప్పుడు కబాడీకి రెండు జట్లూ వద్దన్నాయండి.
నావలో మధ్యన కూర్చోబెట్టి
కదలకురా అంటారండి ఇప్పటికీ.
కొట్టడానికైనా ఓ మనిషి నా దగ్గరికొచ్చింది
ఈ తాళ్ళ మధ్యకేనండి.
ఎవడూ ఎదురు లేకుండా పతకం మెళ్ళో వేస్తే
అది నా ఆటకా? నా ఒంటికా?"
అని కాటాని ఒంటిచేత్తో ఎత్తి
పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఆటోలో పెట్టాడు.

మర్నాడు జక్కరయ్యని చూడబోయాను.
దవడ బూరెలా ఉంది, జావ తాగుతున్నాడు.
గీత ఉండాలంటావా అనడిగాను.
"ఉండాలండి," అన్నాడు పళ్ళు విడకుండా.
కాసేపాగి, "నాకు చిన్నపిల్ల ఉందండి."
ఇంకా కాసేపాగి,
"పోతురాజు బాగున్నాడా?
గుద్దాక వాడే ఏడ్చాడండి."

ఉత్తరం పోస్టు చేశాను.
నూట పది కొట్టేసి, ఆ చోటు ఖాళీగా ఉంచి.
ఎక్కడ గీయాలో వాళ్ళే తేల్చుకుంటారని కాదు,
నాకు చెయ్యి రాలేదు.

ఇవాళ మార్కెట్లో కాటా దించి చూస్తే
పళ్ళెంలో ఏమీ లేకపోయినా
ముల్లు సున్నాకి రావడం లేదు,
రెండు గీతలవతలే ఆగుతోంది.
రైతులు గొణుగుతున్నారు.
బాగు చేయించాలి.