అప్పు

డులూత్ రేవులో మంచు.
బడి గదిలో ఆకుపచ్చ అక్షరాల తెర.
యాభై రెండులోంచి ఇరవై ఏడు తీస్తే
ముప్పై అయిదంటుంది ఐలీ.
ఇంకో లెక్క. మళ్ళీ అదే తీరు.

పరధ్యానం కాదిది, అని రాసుకుంది మార్గిట్,
ఆ యంత్రానికి పాఠం నేర్పిన మనిషి.
పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తోంది,
ఏది పైనున్నా సరే. తప్పు నంబరు నూట నాలుగు.

యంత్రానికి విసుగు లేదు:
రెండు చాలదుగా,
పక్కనున్న అయిదునడిగి ఒక పది అప్పు తెచ్చుకో.

ఐలీ వేలు మీట మీదే ఆగింది.
పదకొండు సెకన్లు.
ఆలోచన, అని నమోదైంది.

ఇనుపరాయి ఓడలు రావడం మానేశాక
ఇంట్లో అమ్మది ఒకటే మాట:
ఉన్నదాంతో సర్దుకో,
పక్కింటి తలుపు తట్టకు.

తిరిగి ఎప్పుడివ్వాలి, అని కొట్టింది.

తెర మిణుకుమంది:
అంకె మాత్రమే వెయ్యి.