చెవి వెనుక

పుంటా అరేనాస్‌లో గాలి
తలుపు తట్టదు, తోసుకునే వస్తుంది.
దాని వెనకే వచ్చాడు ఎలిసేయో బర్రియా,
నాలుగు నెలల జుట్టుతో,
బూట్ల నిండా కొండల బురదతో.

కుర్చీలో కూచోబెట్టి మెడ చుట్టూ గుడ్డ కట్టాను.
ముప్పై ఏళ్లుగా నేను చదివేవి ఇవే:
మెడలు, నడినెత్తులు, చెవుల వెనక సందులు.
ఎవరి మొహం వాళ్లకి అద్దం చూపిస్తుంది.
వెనకవైపు సంగతి
కత్తెర పట్టినదానికే తెలుసు.

కుడి చెవి పై అంచున,
మినపగింజంత.
పోయిన చలికాలం లేదది.
లేదా, నేను చూడలేదు.
రాత్రిళ్లు నన్ను లేపే ప్రశ్న ఇదే.
పిల్లలు గీసిన దీవిలా వంకర అంచులు,
ఒక పక్క నలుపు, ఒక పక్క ఎండుద్రాక్ష రంగు.

"ఎన్నాళ్లయింది ఇది?"
"ఏది?"

"డాక్టర్‌కి చూపించు" అన్నాను.
నవ్వాడు.
"ఎండా? ఇక్కడా?
మంచుగడ్డ మీద నిలబడి టీ తాగేవాణ్ణి.
ఎండ మన ఊరికి చుట్టపుచూపుగా వస్తుంది,
వచ్చినా కోటు విప్పదు."

నిజమే, ఇక్కడి ఎండ చుర్రుమనదు.
నీడలోకి పొమ్మని ఒళ్లు చెప్పదు.
చలిగాలి చర్మాన్ని జోకొడుతుంటే
పలచబడ్డ ఆకాశం గుండా
చప్పుడు లేకుండా దిగుతుంది.
కింద మంచు దాన్ని పట్టి మళ్లీ పైకి విసురుతుంది,
గడ్డం కిందికి, టోపీ అంచు లోపలికి.

నా మాట చెవిన పెట్టలేదు.
ఆ చెవి మీదే ఉంది అది.

డబ్బులిచ్చి గాలిలోకి వెళ్లిపోయాడు.
అతని జుట్టు ఊడుస్తూ ఊడుస్తూ
చీపురు గోడకి ఆనించి ఫోను తీశాను.
చెల్లెలు నెవెంకా చేపల కొట్లో పనిచేస్తుంది.
"మీ అన్న చెవి చూడు."
"ఎందుకు?"
"ముందు చూడు, తరవాత నన్ను తిట్టు."
ఒకరి ఒంటి సంగతి ఇంకొకరికి మోయడం తప్పే.
కత్తెరకి నోరుండకూడదంటారు.
ఆరోజు ఉంది.

వేసవి చివర మళ్లీ వచ్చాడు.
కుడి చెవి పైభాగం లేదు,
రొట్టె అంచు ఎవరో కొరికినట్టు.
మెడ పక్కన సన్నటి కుట్ల గీత.
"తొందరగానే పట్టుకున్నాం అన్నారు" అన్నాడు,
"అన్నారు" దగ్గర కాస్త ఆగి.

కళ్లజోడు ఆ పక్క నిలవక తాడు కట్టుకున్నాడు.
ఇప్పుడు కొండదారి మొదట్లోనే యాత్రికుల్ని ఆపి
చెవికోసిన మేకలా అరుస్తాడట, నెవెంకా చెప్పింది:
క్రీము రాశారా? చెవులకి? చెవుల వెనక?
రెండు గంటలైంది, మళ్లీ రాయండి!
మబ్బుగా ఉంది కదా అంటే
ఆ మబ్బు చేత హామీపత్రం రాయించుకురమ్మంటాడట.
వేలికొసంత పూసుకున్నవాణ్ణి చూసి
గోడకి సున్నమైనా ఇంకాస్త వేస్తారంటాడట.
నెత్తిన వెడల్పు అంచు టోపీ, మెడ మీదికి వేలాడే గుడ్డ.
అలాంటిదే పెట్టుకున్న జర్మన్ ముసలాయన్ని చూసి
ఒకప్పుడు ఈ కుర్చీలోనే విరగబడి నవ్వాడు.

"జుట్టు కాస్త వదిలి, కప్పేలా కత్తిరించనా?"
"వద్దు. కనపడనీ.
అది మాట్లాడితే నా గొంతుకి కొంచెం విశ్రాంతి."

గుడ్డ విప్పి దులిపాను.
అతను లేచాక ఆ కుర్చీలో నేను కూచున్నాను,
ముప్పై ఏళ్లలో మొదటిసారి.
కిటికీ పక్కన నిలబడి పనిచేసిన మెడ ఇది,
ఆదివారాలు జలసంధిలో తెడ్డేసిన మెడ.
జడ పైకెత్తి పట్టుకున్నాను.
"చూడు."

కళ్లజోడు తాడు సర్దుకుని వంగాడు.
గాలి తలుపుని తోస్తూనే ఉంది.
చాలాసేపు ఏమీ అనలేదు.