బెణుకు

రేణిగుంట రోడ్డులో, విమానం దిగినప్పుడల్లా
పైరేకులు అదిరే గోడౌన్లో
నా బల్ల పదకొండో నెంబరు.
రోజుకి నలభై జతలు.
ఎవరూ తొడగని బూట్లు,
చేతులు మారేకొద్దీ ధర పెరిగే బూట్లు,
నడవకుండానే ఊళ్లు తిరిగొచ్చినవి.

ముందు పెట్టె. మూత మీది అచ్చు.
చీటీ మీది నెంబరూ నాలుక కింది నెంబరూ
ఒకటేనా కాదా.
తర్వాత త్రాసు. కుడిఎడమలకి నాలుగు గ్రాముల తేడా సరే,
ఎనిమిదైతే కళ్లజోడు తుడుచుకుంటాను.
నీలి దీపం కింద చవక జిగురు
పొంగిన పాలలా తెల్లగా బయటపడుతుంది.
మడమ దగ్గర కుట్లు లెక్కపెడతాను
పెదాలు కదపకుండా.
చివర్న ముక్కు.
"వాసన సంగతి పుస్తకంలో లేదు" అంటాడు పక్కబల్ల ఖలందర్.
అందరికన్నా ముందు వాసన చూసేది వాడే.

ఈ పని నాకు కంపెనీ నేర్పలేదు.
పుత్తూరులో మా మేనత్త చెంగమ్మ
విరిగిన చేతులకి కట్టు కట్టేది.
ఎక్స్‌రే కవరు తెస్తే తెరవకుండా గోడకి ఆనించేది.
కళ్లు మూసుకుని, మోచేతి నుంచి మణికట్టు దాకా
బొటనవేలితో నడిచేది.
"ఇరిగింది" అనేది.
లేదా "చిట్లింది."
లేదా నవ్వేసి, "బెణికిందంతే, పోయి అన్నం తిను."

నా తెర మీద రెండే మీటలు.
ఆకుపచ్చ, ఎరుపు.

నిన్నొక జత వచ్చింది.
కొన్నది పలమనేరు పిల్లోడు మునిరత్నం.
టమాటా మండీలో బాక్సులు దించుతాడట,
పదమూడు నెలలు దాచాడట.
నాకు తెలియాల్సిన సంగతులు కావివి,
మూడుసార్లు ఫోన్ చేసి తనే చెప్పాడు.
పెట్టె మంచిది. బరువు సరిగ్గా ఉంది.
ఖలందర్ వాసన చూసి తల ఊపాడు.
మడమ దగ్గర పదిహేడుండాల్సిన చోట
పదహారు కుట్లు.
నీళ్లు తాగొచ్చి మళ్లీ లెక్కపెట్టాను. పదహారు.
లోపలి అట్ట పైకెత్తితే
ఆరిన జిగురులో ఒక వేలిముద్ర.
చిన్నది. సుడులు సుడులుగా.
ఏ ఊళ్లోనో, ఏ షిఫ్టు చివర్నో
ఎవరో తొందరగా నొక్కిన బొటనవేలు.
దాన్ని దేంతో పోల్చి చూడాలో
పుస్తకంలో లేదు.

ఎరుపు నొక్కాను.

సాయంత్రం మళ్లీ ఫోను.
"అక్కా, దొంగవైనా పర్లేదు, పంపించేయక్కా.
మా ఊర్లో ఎవురికి తెలస్తాది?
డబ్బులు వాపసొద్దు. జాతర లోపల రావాల, అంతే."
"కుదరదబ్బా" అన్నాను.
ఇంకేదో అనాలనిపించి,
"నాలుగు రోజుల్లో డబ్బులు పడతాయి" అన్నాను.
వాడు ఫోన్ పెట్టలేదు.
వెనక లారీ రివర్సు కూత, ఎవరో ఎవరినో తిట్టడం.
"బాగుండాయా అక్కా, చూసేదానికి?"
బాగున్నాయన్నాను.
చాలా బాగున్నాయన్నాను.

వెనక్కి పంపే జతకి తొమ్మిది ఫొటోలు తీయాలి.
తీశాను.
తర్వాత ఆ ముద్ర మీద నా బొటనవేలు ఆనించాను,
మా అత్త ఆనించినట్టు, బరువు మోపకుండా.
నాది కాస్త పెద్దది.
దీపం వంచి పదో ఫొటో తీశాను.
పదోది ఎవరూ అడగలేదు.