గంట నాలుక

కొండ కింద గుడిసెలో తోకుజి
నా సంచికి ఇత్తడి గంట కట్టాడు.
"మోగుతూనే ఉండాలి షిజుయే,
రెండింటికల్లా దిగిపో.
వెలుగు కోసం ఆగినవాళ్ళే
ఎలుగుకి ఎదురుపడేది."

హొక్కైదోలో ముందు ఈ కొండకే ఎరుపెక్కుతుంది.
నానకమాదో కొమ్మల్లో
ఏది ఆకో ఏది పండో తెలీని మంట.
ఏడుసార్లు పొయ్యిలో పెట్టినా కాలని చెట్టట,
ఇవాళ దానంతట అదే అంటుకుంది.

ముక్కాలి వేశాను. గాలి ఆగింది.
చిటారు కొమ్మన ఒక పిట్ట వాలింది,
గంట మోగితే లేచిపోయేలా ఉంది.
చెయ్యి వెనక్కి పోయి
గంట నాలుక పట్టుకుంది.
ఒక్క క్షణమే కదా అనుకున్నా.

అప్పుడు వినిపించింది,
కొమ్మ విరుగుతున్న చప్పుడు,
తీరుబడిగా,
ఎవరో గుత్తులు దూసుకుంటున్నట్టు.
కాలి దగ్గర నల్లటి పేడ, ఇంకా ఆవిరి,
నిండా నమలని ఎర్రపళ్ళు.

ఒకే చెట్టు కోసం వచ్చాం ఇద్దరం.
నేను కళ్ళు నింపుకోడానికి,
అది చలికాలం దాటడానికి.

నాలుక వదిలేశాను.
కెమెరా ఊడదీసుకున్నాను.
వీపు తిప్పలేదు, పరుగెత్తలేదు,
అడుగు వెనక అడుగు,
గణగణ, గణగణ.
ముక్కాలి అక్కడే ఉండిపోయింది,
మంచు పడేదాకా చూస్తుంది కాబోలు
నా బదులు.

"దొరికిందా?" అన్నాడు తోకుజి.
చెయ్యి వణికినప్పుడు పడిన ఒకే ఒక్క ఫొటో,
చెట్టు లేదు, పిట్ట లేదు,
అంచుల్లేని ఎరుపు.

అతను ఫొటో చూడలేదు.
గోడ గడియారం చూశాడు.
"ఒంటిగంటా నలభై" అని
టీ పోశాడు.