కుంటడుగు

మంగళవారం సాయంత్రం, రియోనీ నది మీద వాన పడుతుంటే
షబతా మా మేడమెట్లు ఎక్కుతాడు.
ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక.
ఊళ్లో గడియారాలన్నీ బాగుచేసే మనిషి
తన నడకను మాత్రం ఏడేళ్లప్పుడే వదిలేశాడు.

కుతాయిసీలో మా వీధిన ఒకప్పుడు
పులియని రొట్టెలకు మూడు పొయ్యిలు వెలిగేవట.
ఇప్పుడు చదవడానికి ముగ్గురం:
ఆయన, నేను, నా మేనకోడలు పెనీనా.
బల్ల మీద నిర్గమకాండం, పన్నెండో అధ్యాయం.
పక్కన పళ్లెంలో అక్రోట్లు.
కళ్లు చదువుతుంటే వేళ్లు ఊరికే ఉండకూడదని ఆయన నియమం.

మొదటి వారం నాలుగో వచనం దాటలేదు.
ఇల్లు చిన్నదై గొర్రెపిల్ల మిగిలిపోయేట్టుంటే
పొరుగింటిని కలుపుకో, తలలు లెక్కపెట్టుకో.
"చూశావా," అన్నాడు,
"సముద్రం ఇంకా చీలలేదు,
రాజు గుండె ఇంకా కరగలేదు,
దేవుడు ముందు కూడికలు నేర్పుతున్నాడు."

రెండో వారం పెనీనా ఆగిపోయింది.
పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా
ఆ పిల్ల ఇంట్లోనే ఉండాలి కదా,
దానికి నీళ్లెవరు పెట్టారు?
పేరేమైనా పెట్టారా?
షబతా ఒక అక్రోటు చిట్లగొట్టి
పప్పు దానికిచ్చి, పెంకు తన జేబులో వేసుకున్నాడు.
ఆ రోజుకి పాఠం అంతే.

ఇక ఆ మాట. పేసహ్.
దాటిపోయాడు, దాటిపోయాడు అని చదివీ చదివీ
నాకది నునుపెక్కిన గులకరాయి.
గుమ్మం మీద నెత్తురు చూసి
పక్కింటికి సాగిపోయిన అడుగు, అంతే.
ఆయన పుస్తకాన్ని ఇంకో మూడు చోట్ల తెరిచాడు.
ఇదిగో, దాది చేతుల్లోంచి పడి కాళ్లు చెడిన పసివాడు,
అతని కుంటికీ ఇవే అక్షరాలు.
ఇదిగో, బలిపీఠం చుట్టూ కుంటుతూ గెంతిన బయలు పూజారులు.
ఇదిగో, యెషయాలో, గూటి మీద రెక్కలు చాచిన పక్షి.
"వీటిలో ఏది?" అన్నాను.
"తెలియదు."
ఆ మాట అనడానికి ఆయనకెంత తీరిక!

"దేవుడు కుంటాడా?" పెనీనా పకపకా నవ్వి,
ఆయన కాలు కనబడగానే నవ్వు మింగేసింది.
ఆయన గమనించనట్టే పేజీ వెనక్కి తిప్పాడు.
పదకొండో అధ్యాయం.
అక్కడ ఫరో సింహాసనం ఉంది.
ఆ వాక్యంలోనే, తిరగలి వెనక కూర్చున్న దాసీ ఉంది.
ఆమెకూ ఒక తొలిచూలు బిడ్డ.
ఆమె ఎవరి వీపు మీద కొరడా ఝళిపించింది?
ఎవరి పసికందును ఏట్లో వేయించింది?
ఎవరింటి గోధుమలో విసురుతూ విసురుతూ
ఆ అర్ధరాత్రి ఆమె పిడి వదిలేసింది.

పెనీనా ఏమీ అడగలేదు.
నేనే అడిగాను, అడక్కుండా ఉండాల్సింది.
షబతా కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.
"ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ మధ్య
ఆ రాత్రి నడిచినవాడెవరైనా
తిన్నగా నడిచి ఉంటాడని నేననుకోను" అని మాత్రం అన్నాడు.

కరెంటు పోయింది. ఆయన్ని దింపడానికి
దీపం పట్టుకుని మెట్లు దిగాను.
కింది వాటాలో కేతో తలుపు దగ్గర
ప్రతి వారం ఆయన ఆగుతాడు.
ఆయాసమనుకునేదాన్ని ఇన్నాళ్లూ.
తలుపు తెరుచుకుంది. ఆమె ఏమీ మాట్లాడకుండా
ఒక చేతిగడియారం ఆయన అరచేతిలో పెట్టింది.
యుద్ధానికి వెళ్లిన పెద్దకొడుకుది,
వెళ్లేముందు బల్ల మీద మరిచిపోయినది.
షబతా చెవి దగ్గర పెట్టుకుని, కీ ఇచ్చి,
మళ్లీ ఆమెకిచ్చేశాడు.
ఆమె ఈస్టర్ ఉపవాసంలో ఉంది,
ఇంట్లోంచి ఉడికించిన బచ్చలి వాసన.

పైకొచ్చి చీకట్లో పళ్లెం తడిమాను.
ఇల్లు చిన్నది. తలలు లెక్కపెట్టాను,
ఒకసారి ముగ్గురని, ఒకసారి నలుగురని.
అక్రోట్లు చాలవు.
రేపు వాన తగ్గితే
బజారుకెళ్లాలి.