రిజిస్టరులో నలభై ఒకటో నంబరు

స్వాతి వాన మూడురోజులు పట్టి వదిలాక
సైదాపురం గని దిబ్బల మీద
మట్టి కంటే ముందు అభ్రకం ఆరుతుంది.
ఆ తళుకుల మధ్య వంగి వెతుకుతుంటాను,
రిటైరైన ల్యాబు టెక్నీషియన్ని,
మోకాలికి పట్టీ, చేతిలో టిఫిను డబ్బా.

పుట్ట మీద గుంపుగా లేచే తెల్లవి అందరికీ తెలుసు.
వాటికి పేరుంది, ధరుంది,
రాపూరు రోడ్డు పక్కన మోదుగాకుల్లో కుప్పలున్నాయి.
నాకు కావలసినవి అవి కావు.
బొటనగోరంత గొడుగు, అగ్గిపుల్లంత కాడ.
రంగేమిటంటే బెల్లం అంటాను,
కాదు, పాత చింతపండు,
కాదు, నానిన కుంకుడుతొక్క.
మధ్యాహ్నానికి తడారి
అదే గొడుగు గోనెసంచి రంగుకు తిరుగుతుంది,
పొద్దున రాసుకున్నది కొట్టేస్తాను.

ఇరవై రెండేళ్ళు మలేరియా స్లైడులు చూసిన కన్ను ఇది.
నెత్తుటి చుక్కలో ఉంగరం కనపడితే
ఫలానా అని చెప్పేసేవాణ్ణి.

ఆ ఏడు తుపాను నెలలో
గనికూలీ మాలకొండయ్య
ఇద్దరు పిల్లల్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు.
రాత్రి కూరలోకి వెండి మెట్టె వేసి చూసిందంట వాళ్ళమ్మ,
ఉల్లిపాయా వేసిందంట.
రెండూ రంగు మారలేదు.
రెండో రోజు పిల్లలు లేచి కూర్చుని ఇడ్లీ అడిగారు.
మూడో రోజు కళ్ళు పచ్చబడ్డాయి.
ఏం తిన్నారు, అని డాక్టరు.
మాలకొండయ్య గిన్నె చాపాడు.
అద్దం కింద పెట్టి చూశాను:
పసుపు, మిరపగింజ, ఒక మట్టిరంగు పీలిక.
నెల్లూరు పెద్దాసుపత్రికి ఇద్దరు వెళ్ళారు.
తిరుగు బస్సులో ఒకరే.

అప్పట్నుంచీ ఈ రిజిస్టరు.
కాడ తెంచి, సగం తెల్ల సగం నల్ల కాగితం మీద
గొడుగు పెట్టి గ్లాసు బోర్లిస్తాను.
తెల్లారేసరికి దాని లోపలి పొడి రాలి
కాగితం మీద చక్రం గీస్తుంది,
ఒకటి తుప్పు, ఒకటి కాఫీపొడి,
ఒకటి వంకాయ మాడిన నలుపు.
"గ్లాసులన్నీ వాటి మీదే బోర్లిస్తే
చాయ్ దేంట్లో పొయ్యాల?" అంటుంది షంషాద్.
వాసన రాస్తాను: ముల్లంగి, తడి బియ్యప్పిండి,
ఒక్కోసారి ఏమీ లేదు.
ఏమీ లేదని రాయడం నాకు కష్టం.

మానికల పోలమ్మకి అడవంతా తెలుసు.
డబ్బా మూత తీసి చూపించాను.
"తినేదానికి పేరు పెట్టుకుంటాం.
తిననిదానికి పేరెందుకు బాషా, పిలవబోతామా?"
నలభై ఒకటోది మాత్రం చేతిలోకి తీసుకుంది.
కాడకు సన్నటి ఉంగరం, చెరిగిపోబోతున్నది.
తిప్పింది, మూచూసింది,
డబ్బాలో పెట్టేసి
చెయ్యి చీరకు కాదు, మట్టికి తుడుచుకుంది.
"నాకు తెలీదు," అంది.
అరవై ఏళ్ళ అడవి ఆ మాట అనగా
నాకెందుకో ధైర్యం వచ్చింది.

మాలకొండయ్య ఏటా వస్తాడు.
చేతిగుడ్డలో నాలుగు, అయిదు,
దిబ్బ మీద యాడ దొరికితే ఆడ ఏరుకుని,
గుమ్మం ముందు చెప్పులు విడిచి
గుడ్డ విప్పి, అదే మాట:
"ఇదేనా బాషా?"

నలభై ఒక్క నంబర్లు ఉన్నాయి నా దగ్గర.
పదిహేడింటి ఎదుట ఏదో రాశాను, పెన్సిలుతో.
మిగతావాటి ఎదుట "తెలియదు", అది పెన్నుతో.
కాకపోవచ్చు, అంటాను.
అయ్యుండొచ్చు, అనీ అంటాను.
రెంటికీ తలూపుతాడు.

కాగితం పరిచాను, గ్లాసు బోర్లించాను.
రంగు దిగాలంటే తెల్లారాల, ఇంటికి పో, అన్నాను.
పోలేదు.
అరుగు మీద కూర్చున్నాడు,
బీడీ ముట్టించకుండా చేతిలోనే పెట్టుకుని,
గ్లాసు వంకే చూస్తూ.
లోపల ఆవిరి పట్టింది, గొడుగు కనపడటం లేదు.
షంషాద్ ఇద్దరికీ చెంబులో చాయ్ తెచ్చింది.